స్విచ్చి దగ్గర వెదురు కర్ర

చింతపల్లి పైన, మా ఇంటి నుంచి
బుధవారం, 2024 డిసెంబరు 11

మా ధర్మ అన్నయ్యకూ వదినకూ చెల్లెలు కనక దండాలు పెట్టి రాస్తున్నది.

ఇక్కడ మేమందరం తిని తిరుగుతూనే ఉన్నాం. మీరూ సుష్మా బాగున్నారని తలుస్తున్నాను. వదినకు నడుం నొప్పి తగ్గిందా? ఇక్కడ కాఫీ పళ్లు ఏరడం సగమైంది. ఈ ఏడు పళ్లన్నీ ఒక్కసారే ముగ్గడంతో మా అత్త సోములమ్మ మంచు విడవకముందే మమ్మల్ని తోటలోకి తోలేస్తోంది. వేళ్లు కొంకర్లు పోయి, ఈ కలం కూడా సరిగ్గా నిలవడం లేదు. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే అనుకో.

కనక ఉత్తరం రాయడమేమిటని నవ్వకు. ఆశ్రమ పాఠశాల మానేశాక నేను కాగితం మీద ఇంత రాయడం ఇదే. ఫోను చేద్దామంటే మాకు సిగ్నలు దొరికేది కొండ మీద బండ దగ్గరే. అక్కడ ఎప్పుడూ నలుగురు నిలబడి ఒకరి మాటలు ఒకరు వింటూ ఉంటారు. నేను చెప్పాల్సింది అలా అరిచి చెప్పేది కాదు. పైగా నీ ముందు నాకు నోరు పెగలదని నీకు తెలిసిందే.

నాకు భయంగా ఉంది అన్నయ్యా. పోయిన నెల మీ గూడెం కొత్తవీధి పెళ్లిలో పట్టుకున్న భయం ఇంకా వదల్లేదు. నువ్వూ అక్కడే ఉన్నావు. కానీ నువ్వు జనరేటరు పక్కన ఉన్నావు. నేను ఆడవాళ్లలో కూర్చుని, స్టేజీ మీద మీ బావ మొహమే చూస్తున్నాను. అందుకని నాకు కనిపించింది రాస్తున్నాను.

పొద్దుట నుంచీ తుంపర పడి పందిరి కింద నేలంతా తడిగా ఉంది. ఆయన చెప్పులు విప్పి పాడతారు కదా. ధింసా పాట మొదలైంది, ఆడపిల్లలు నడుములు పట్టుకుని వరస కట్టారు. ఆయన గిటారు వాయిస్తూ పల్లవి అందుకోవడానికి మైకు మీదికి వంగారు. పెదవి తగిలింది. పాట ఆగిపోయింది, మనిషి మాత్రం మైకుని వదల్లేదు. ఎడమ చెయ్యి తీగల మీద బిగుసుకుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, నా వైపే ఉన్నాయి, కానీ ఆ చూపులో నేను లేను. జనం అది కూడా ఆటలో భాగమనుకుని ఈలలు వేశారు. నేను అరవాలని లేచాను. గొంతు రాలేదు. అంతమందిలో అరవడానికి సిగ్గుపడ్డానో, భయంతో నోరు పడిపోయిందో నాకే తెలియదు. నువ్వు చూసి జనరేటరు ఆపావు. ఆయన నిలువునా కూలిపోయారు.

నువ్వు పరుగెత్తుకొచ్చి ఆయన గుండె రుద్దుతూ, "బావా, నాను, ధర్మాని, ఇటు సూడు" అని ఏడ్చావు. లేచి కూర్చున్నాక ఆయన మొదట అన్న మాట, "ఏ పాట కాడికొచ్చినాం?" అని. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన కింది పెదవి మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. అన్నం తినేటప్పుడు కారం తగిలితే ఆగి, నేను చూస్తున్నానేమోనని చూసి, మళ్లీ తింటారు.

ఆ రోజే నువ్వు ఆయన గిటారు పలికే ఆ పెద్ద యాంపుని కాలితో తన్ని, "ఇది సామాను కాదు, దెయ్యం. ఇంక దీన్ని నా మైకు సెట్టు పక్కన ఎట్టనివ్వను. దీన్ని అమ్మీసి, కాలితో నొక్కే కొత్త రకం పెట్టి ఒకటి కొనుక్కో. లేదంటే నన్ను పిలవకు" అన్నావు. ఆయన, "దాన్ని తన్నకు బావా" అన్నారు. ఆ మాటతో మీ ఇద్దరికీ మాటలు పోయాయి.

అన్నయ్యా, నీ మీద కోపంతో రాయడం లేదు. ఆ మాట విని నేను లోపల సంతోషించాను. ఆ యాంపంటే నాకు మొదటి నుంచీ భయమే. వైజాగు హోటల్లో వాయించే బ్యాండు విడిపోయినప్పుడు ఆయన దాన్ని కొన్నారు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను బియ్యం పెట్టె అనుకున్నాను. స్విచ్చి వేసిన కాసేపటికి దాని వెనకాల గాజు బుడ్లు నిప్పుల్లా ఎర్రబడతాయి. ఘాటు రోడ్డు కుదుపులకు అవి పగిలిపోతాయని ప్రతిసారీ ఊడదీసి, సామల ఊక పోసిన కోడిగుడ్ల బుట్టలో పడుకోబెట్టి నా ఒళ్లో పెడతారు. జీపు అప్పలస్వామి ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి, "ఏటమ్మా, పొదిగేత్తన్నావా? పిల్లలెప్పుడు?" అంటాడు. జీపులో అందరూ నవ్వుతారు. నేను కొంగుతో బుట్ట కప్పి తల వంచుకుంటాను. యాంపుకి మాత్రం లోపల సీటిచ్చి, మనిషిని టాపు మీదికి ఎక్కిస్తాడు.

కానీ అది పలికినప్పుడు మాత్రం ఎందుకో భయం తెలియదు. మొదట్లో నీ మైకు సెట్టుతో కలిపి పెట్టగానే బుయ్యిమని ఒకటే మోత వచ్చేది, గుర్తుందా? పోయిన వేసవిలో మా ఊరి పండగకు వచ్చినప్పుడు నువ్వే కదా దాన్ని బాగు చేశావు. కటింగు ప్లేయరు పట్టుకుని వెనక్కి వెళ్లి కాసేపు కూర్చున్నావు. మోత టక్కున ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఏం మందేసినావు డాక్టరూ" అని ఆయన అడిగితే, "నా సామానంతటికీ ఇదే మందు" అని నవ్వావు. ఆ రోజు నుంచీ మా ఊళ్లో నిన్ను డాక్టరు అనే పిలుస్తున్నారు. నా పక్కన కూర్చున్న వాళ్లకు, ఆయన మా అన్నయ్యే అని నేనే చెప్పుకున్నాను. నేను ముందుగా నోరు విప్పి ఎవరితోనైనా మాట్లాడానంటే అప్పుడే.

పెట్టె సంగతి కూడా చెప్పాలి. నర్సీపట్నం బ్యాండు వాళ్ల దగ్గర అరువడిగి నువ్వు పంపించిన పెట్టె అందింది. మోడలర్ అంటారట దాన్ని, రకరకాల యాంపుల గొంతులన్నీ అందులోనే ఉంటాయట. పీట కన్నా చిన్నది. కాలితో నొక్కుతుంటే ఒక్కొక్క దీపం వెలుగుతుంది. ఆయన హెడ్‌ఫోను నా చెవులకు పెట్టి వాయించారు. ఆయన వేళ్లు నా ఎదురుగా కదులుతున్నాయి, శబ్దం మాత్రం నా తలలోనే పుడుతోంది. హడలిపోయి తీసేశాను. కానీ బాగుంది అన్నయ్యా, అబద్ధం ఎందుకు చెప్పను. మా అత్త తను కూడా పెట్టుకుని విని, "ఇంత పెట్టిలో అన్ని యాంపులుంటే మీ మొగుడూ పెళ్లాలూ కూడా అందులోనే కాపురం ఎట్టండి, నా గది నాకు మిగుల్తాది" అంది.

మరి బడి మైదానంలో ఊళ్లో వాళ్ల గొట్టాల మైకుకి తగిలించి వాయిస్తే అదే పెట్టె కందిరీగలా మోగింది. "గిటారుకి పడిసెం పట్టినాదేటి?" అని గుంటలు పగలబడి నవ్వారు. మంచి స్పీకరు బాక్సులుంటేనే పెట్టె పలుకుతుందట. మా ఊళ్లలో మంచి బాక్సులెవరి దగ్గరున్నాయి, నీ దగ్గర తప్ప? అరకు రిసార్టులో బాక్సులు మంచివే. అక్కడ అచ్చం యాంపులాగే పలికింది. కానీ నడుమ కరెంటు పోయి జనరేటరు వచ్చేలోపు పెట్టె ఆరిపోయి, మళ్లీ లేవడానికి తన తీరికలో తను లేచింది. ఆయన కాలు దాని మీద పెట్టుకుని నిలబడిపోయారు. ధింసా ఆడేవాళ్లు డప్పు మీదనే నడిపించేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన జీపులో ఒకే ఒక మాట అన్నారు. "ఇందులో అందరి యాంపులూ ఉన్నాయి కనకా. మనది లేదు."

అయినా నేను పెట్టెనే కొనమన్నాను. తేలిక, గాజు బుడ్లు లేవు, నా ఒళ్లో బుట్ట ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆయన బతికుంటారు. నాకు కావలసింది అదొక్కటే. పాట ఎలా పలికితే నాకెందుకు?

ఇంకో సంగతి నీకు తెలియదు. ఆ పెళ్లి తర్వాత ఆయన యాంపుతో రెండు చోట్ల వాయించారు, నువ్వు లేకుండా, వేరే వాళ్ల మైకు సెట్టు పెట్టుకుని. రెండు చోట్లకూ నేను వెళ్లాను. రబ్బరు చెప్పులు వేసుకుని, ఎండు వెదురు కర్ర పట్టుకుని, స్టేజీ వెనక స్విచ్చి బోర్డు దగ్గర నిలబడ్డాను. చేతితో లాగితే నన్నూ పట్టేస్తుందని, కర్రతో కొడితే ప్లగ్గు ఊడిపోతుందని బడిలో చెప్పారు. అదొక్కటి గుర్తుంది. వచ్చేపోయేవాళ్లు ఊరుకుంటారా? "ఏటమ్మా, మొగుడు తప్పు వాయిత్తే కొడతావా?" అని ఒకడు, "కట్టె పట్టుకుని కాపలా కాత్తంది, ఏ గుంటా సూడకుండా" అని ఒకామె. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ కర్ర వదల్లేదు. ఆయన మైకు మీదికి వంగినప్పుడల్లా నేను కర్ర ఎత్తి పట్టుకునేదాన్ని. పాట ఎలా ఉందని ఇంటికొచ్చాక అడిగితే చెప్పలేకపోయాను. ఒక్క పాటా వినలేదు.

ఇప్పుడు నువ్వు గెలిచావు. వైజాగులో ఒక కొట్టువాళ్లు యాంపు తీసుకుని పెట్టె ఇస్తామన్నారు. పంపేముందు సరిగ్గా ఉందో లేదో చూపించుకోమన్నారు. నిన్న చింతపల్లి సంత వీధిలో వరహాలరావు గారి కరెంటు సామాన్ల కొట్టుకి తీసుకువెళ్లి చూపించాం. బాగానే ఉందన్నారు. రేపు పొద్దున్న అప్పలస్వామి జీపులో అది వెళ్లిపోతుంది.

నా భయం పోవాలి కదా? పోలేదు. నిన్న వచ్చినప్పటి నుంచీ ఆయన గిటారు ముట్టలేదు. యాంపుని తడిగుడ్డతో తుడిచారు. బొంత కప్పారు. మళ్లీ తీసి తుడిచారు. "పెట్టె వచ్చాక కొత్త పాటలు కడతారా?" అని అడిగాను. "కడదాంలే" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. వాళ్ల నాన్న పోయినప్పుడు అన్నం తింటావా అంటే "తిందాంలే" అన్నారు, అదే గొంతు. మనిషి పోకుండానే పాట పోతే ఎలా ఉంటుందో నేను ఇంతకు ముందు ఆలోచించలేదు.

అందుకే అడుగుతున్నాను. రేపటిలోపు నువ్వు ఒక్కసారి వచ్చి, "ఉంచుకో బావా" అని అనవా? నువ్వంటే ఉంచుకుంటారు. నేనంటే తన మీద జాలితో అంటున్నానని అనుకుంటారు. ఇన్నాళ్లూ వద్దు వద్దని ఏడ్చిన నేనే ఇలా ఎందుకు రాస్తున్నానని నీకు అనుమానం రావచ్చు. ఉంచుకోమను, అంతే. మిగతాది అడగకు.

శనివారం మీ ఊరి బడి పండగలో సుష్మ మొదటి పాట పాడుతుందని వదిన చెప్పింది. నీ మైకు సెట్టు మీదే అట కదా. నీ కూతురు నాలా కాకుండా నలుగురిలో గొంతెత్తగలిగినందుకు నాకెంత సంతోషమో. దానికి అత్త ముద్దులు.

వదినకు దండాలు. నీకు కోపం తెప్పించే మాట ఏదైనా రాసి ఉంటే మన్నించు.

నీ ముందు మాట రాని నీ చెల్లెలు,
కనక

తా. క. ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను.

మిగతాది అడగకు అని రాశాను కదా. అడగకుండానే చెబుతున్నాను. చెప్పనని ఆయనకు మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను.

నిన్న వరహాలరావు గారు యాంపుని తిరగేసి, టెస్టరు పెట్టి చూశారు. టెస్టరులో దీపం వెలిగింది, అంటే పై రేకులోకే కరెంటు వస్తోందట. అప్పుడాయన లోపలేమీ విప్పకుండా ముందు ప్లగ్గు విప్పారు. "మూడు కాళ్లూ ఉన్నాయి, పెద్ద కాలికి వైరేదీ?" అన్నారు. పచ్చ వైరు కత్తిరించి, కొసకు పసుపు టేపు చుట్టి లోపలికి తోసేసి ఉంది. దాన్ని ఎర్తు అంటారట. సామానులో ఎక్కడైనా కరెంటు తప్పిపోతే భూమిలోకి దింపేది అదేనట. అది లేకపోతే ఆ కరెంటు గిటారు తీగల్లోనే కాచుకుని ఉంటుందట, ఎవరి పెదవి మైకుకి తగులుతుందా అని. "మోత ఆపడానికి కోసీసుంటాడు ఎవడో తెలివైనోడు. మోత ఆగుద్ది, మనిషీ ఆగిపోతాడు" అని ఆయన తిట్టారు. లోపల చిన్న సామానేదో మార్చి, కొత్త ప్లగ్గు వేసి, మళ్లీ టెస్టరు పెట్టారు. దీపం వెలగలేదు.

పసుపు టేపు ఎవరిదో మీ బావకూ నాకూ ఒక్కసారే తెలిసింది. నీ వైర్లన్నిటికీ ఉండేది అదే. ఆ ప్లగ్గుని నువ్వు తప్ప ఎవరూ విప్పలేదు.

జీపులో ఆయన నా చెయ్యి పట్టుకుని, "మీ అన్నకి సెప్పకు కనకా" అన్నారు. "ఆడు నన్ను సంపుదామని సేసినాడేటి? మోత ఆపమంటే ఆపినాడు. ఇది తెలిత్తే ఇంక జన్మలో వైరు ముట్టడు. ఊళ్లో అందరూ డాక్టరంటారు ఆడిని. యాంపు పోతే పోనీ." బాగు చేయించానని చెప్పి ఉంచుకోవచ్చు కదా అన్నాను. "ఏం బాగు సేయించినావని అడుగుతాడు. ముందు సూసేది ప్లగ్గే" అన్నారు. అందుకే అమ్మేస్తున్నారు అన్నయ్యా. యాంపు దెయ్యమని నువ్వు నమ్ముతుంటే నమ్మనిద్దామని.

నేనూ ఊరుకుందామనుకున్నాను. నువ్వు వచ్చి ఉంచుకోమంటే చాలు, ఎవరి పేరూ పోదు అనుకుని పైదంతా రాశాను. రాస్తూ రాస్తూ నీ మాట రాశాను చూడు, "నా సామానంతటికీ ఇదే మందు" అని. అప్పుడది మురిసిపోయి రాశాను. కిందికి వచ్చి సుష్మ పేరు రాసి, మడిచేముందు ఒకసారి మొదటి నుంచీ చదువుకున్నాను. ఆ రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

అంతటికీ అంటే మైకు సెట్టుకి కూడానా అన్నయ్యా? బాక్సులకీ, కీబోర్డుకీ, అన్నిటికీ కోసేశావా? నువ్వు జనరేటరు దగ్గర ఉండి ఆపగలిగావు కాబట్టి ఆయన ఉన్నారు. శనివారం నువ్వు కూతురి పాట వినడానికి ముందు వరసలో కూర్చుంటావు. బడి పిల్లలు చెప్పులు విప్పి స్టేజీ ఎక్కుతారు. సుష్మకు మైకుని నోటికి ఆనించి పాడే అలవాటు.

ప్లగ్గులన్నీ విప్పి చూసేదాకా దాని చేతికి మైకు ఇవ్వకు. పాట లేకపోతే లేకపోయింది.

ఈ ఉత్తరం అప్పలస్వామితో పంపుదామనుకున్నాను. అతను మధ్యలో టీ తాగుతాడు, సంతలో ఆగుతాడు, మరిచిపోతాడు. అందుకని నేనే తెస్తున్నాను. ఆయన తోటలో ఉన్నారు. వదినకు నడుం నొప్పి ఎక్కువైందని అత్తకు చెప్పి జీపు ఎక్కుతున్నాను. ఇంతవరకూ నేను ఒంటరిగా జీపు ఎక్కలేదు. "ఆ కర్ర ఎందుకే?" అని అత్త అడిగింది. కుక్కలకు అన్నాను.

నీ మొహం చూసి ఇదంతా చెప్పలేను. కాగితం నీ చేతికిచ్చి మీ వాకిట్లో నిలబడతాను. చదవడం అయ్యాక తిట్టాలనిపిస్తే తిట్టు. పిలవాలనిపిస్తే పిలువు. ఏదీ చేయకపోయినా శనివారం దాకా నేను వెళ్లను. ఆ బోర్డు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. కర్ర నా దగ్గరే ఉంది.